డిఫెండర్ బ్యాక్‌డోర్‌ను తీసేశానంటోంది, మర్నాడు మళ్లీ చూపిస్తోంది. ఏం చెయ్యాలి?

మీరు అడిగింది ఇదీ: కావలిలో జిరాక్స్, డీటీపీ షాపు. పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ‘బ్యాక్‌డోర్’ అని ఎర్రగా చూపించి, తీసేశానంటుంది. మర్నాడు మళ్లీ అదే పాట. అసలెలా వచ్చింది, ఎలా వదిలించుకోవాలి?

ముందు ఆ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేయండి, వైఫై అయితే ఆపేయండి. మిగతాది ఫోన్‌లో చదవండి.

నాకు ఒంగోల్లో కంప్యూటర్ సర్వీసింగ్ షాపుంది. డీటీపీ సెంటర్లు, ఆడిటర్ ఆఫీసులు, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల సిస్టమ్‌లు ఎక్కువగా వస్తుంటాయి. వైరస్ అంటే ఫైళ్లు పాడవాలి, సిస్టమ్ స్లో అవాలి అనుకుంటారు చాలామంది. బ్యాక్‌డోర్ అంటే సిస్టమ్‌లోకి దొంగదారి తెరిచే ప్రోగ్రామ్, అది అలాంటి అల్లరేమీ చెయ్యదు. ఎక్కడో కూర్చున్నవాడు మీ స్క్రీన్ చూస్తాడు, మీరు కొట్టే ప్రతి అక్షరం తీసుకుంటాడు, ఫైళ్లు లాక్కుంటాడు, కావాలంటే ఇంకో మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) దించుతాడు. మీ సిస్టమ్ చక్కగా నడవడమే వాడికి కావాలి. 1998లో వచ్చిన బ్యాక్ ఆరిఫిస్ నుంచి ఇప్పటి రెమ్‌కాస్, ఎసింక్‌ర్యాట్ దాకా అన్ని బ్యాక్‌డోర్‌ల పనీ ఒకటే. తేడా ఏంటంటే, పాతవి ఒక పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) తెరిచి పెట్టుకుని బయటి నుంచి పిలుపు కోసం కాచుకునేవి. ఇప్పటివి మీ సిస్టమ్‌లోంచే బయటికి కనెక్షన్ కలుపుతాయి. ‘రౌటర్లో ఫైర్‌వాల్ ఉంది గదా అన్నా’ అంటుంటారు. లోపలి మనిషే గడియ తీస్తుంటే గేటు దగ్గర కాపలా ఏం చేస్తుంది?

ఎలా వచ్చిందంటారా, డీటీపీ షాపు కాబట్టి నా మొదటి అనుమానం క్రాక్ మీదే. పేజ్‌మేకర్, ఫోటోషాప్, అను ఫాంట్ల దొంగ కాపీలు, విండోస్ యాక్టివేటర్లు. వాటితోపాటు వచ్చే నోట్‌ప్యాడ్ ఫైల్లో మొదటి లైనే ‘యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి’ అని ఉంటుంది. ఆపేస్తాం. అడ్మిన్ పర్మిషన్ అడిగితే ‘ఎస్’ కొడతాం. సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేస్తుంది, దాంతో ఎవరికీ అనుమానం రాదు.

రెండోది కస్టమర్ల పెన్‌డ్రైవ్. అందులో ఫోల్డర్ ఉండాల్సిన చోట ఫోల్డర్ బొమ్మతో షార్ట్‌కట్ ఉంటుంది, అసలు ఫోల్డర్‌ను దాచేసి ఉంటుంది. క్లిక్ చేస్తే వెనక మాల్వేర్ రన్ అవుతుంది, ముందు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తు కనిపిస్తే ముట్టుకోకండి.

గ్రానైట్ ఆఫీసులకి మాత్రం మెయిల్‌లోనే వస్తుంది. ‘పేమెంట్ అడ్వైజ్’ అని సబ్జెక్ట్, జిప్ ఫైల్, దాని పాస్‌వర్డ్ మెయిల్‌లోనే రాసి ఉంటుంది. పాస్‌వర్డ్ పెట్టింది మన భద్రత కోసం కాదు, మెయిల్ స్కానర్ లోపల చూడకుండా ఉండటానికి. విప్పితే పీడీఎఫ్‌లా కనిపిస్తుంది. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి ఎక్స్‌టెన్షన్ దాచేస్తుంది కాబట్టి, ‘పీడీఎఫ్’ తర్వాత ఉన్న ‘ఈఎక్స్‌ఈ’ మనకి కనబడదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెట్టుకోండి, ఈ రోజే. అధికారిక సైట్ నుంచి దించుకున్నా ఒక్కోసారి తప్పదు, 2017లో సిస్టమ్ చెత్త తీసే సీక్లీనర్ సాఫ్ట్‌వేర్ 5.33 వెర్షన్‌లోనే బ్యాక్‌డోర్ దూరింది. కానీ అలాంటివి అరుదు.

ఇక రోజూ ఎందుకు తిరిగొస్తోంది? ఆమధ్య ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు సీపీయూ వచ్చింది, అచ్చం మీ కేసే. డిఫెండర్ ప్రొటెక్షన్ హిస్టరీలో చూస్తే పట్టుబడిన ఫైల్ ప్రతిసారీ టెంప్ ఫోల్డర్‌లోనిదే. టాస్క్ మేనేజర్‌లో ఎస్‌వీసీహోస్ట్ అని విండోస్ సొంత ప్రోగ్రామ్ పేరుతో ఒకటి యూజర్ పేరు మీద నడుస్తోంది. రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ కొడితే యాప్‌డేటాలోని రోమింగ్ ఫోల్డర్ తెరుచుకుంది. అసలుది ఉండాల్సింది విండోస్‌లోని సిస్టమ్32లో. దాన్ని ఎండ్ టాస్క్ చేస్తే కాసేపటికే మళ్లీ లేచింది. టైముకి ప్రోగ్రామ్‌లను నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో ఏదో అప్‌డేట్ పేరు పెట్టుకున్న టాస్క్ ఒకటి దాన్ని లేపుతోంది. డిఫెండర్ దాని జోలికి ఎందుకు పోలేదంటే, ఎక్స్‌క్లూజన్స్ లిస్టులో, అంటే డిఫెండర్ వెతక్కుండా వదిలేసే చోట్ల జాబితాలో, ఆ రోమింగ్ ఫోల్డర్ ఉంది. క్రాక్ ఇన్‌స్టాల్ అయినప్పుడే ఆ ఎంట్రీ పడిపోయింది. అంటే డిఫెండర్ రోజూ టెంప్‌లోని పిల్లని పట్టి చంపుతోంది, రోమింగ్‌లోని తల్లి హాయిగా పక్కనే ఉంది.

కాబట్టి మీరు కూడా విండోస్ సెక్యూరిటీలో మేనేజ్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఎక్స్‌క్లూజన్స్ చూడండి. మీరు పెట్టనిది ఏదున్నా తీసేయండి. తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది. విండోస్ నడుస్తుండగా దాక్కునేవి అందులో దొరికే అవకాశం ఎక్కువ. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఆటోరన్స్ అని ఉచిత టూల్ ఉంది, సిస్టమ్‌తోపాటు లేచేవన్నీ ఒకచోట చూపిస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో మీకు తెలియని యూజర్ అకౌంట్, దూరం నుంచి సిస్టమ్‌ను నడిపే ఎనీడెస్క్ లాంటివి మీరు వెయ్యకుండానే ఉన్నాయేమో చూడండి. ఒక్కోసారి వాటినే దొంగదారిగా వాడతారు.

ఈలోపు ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి, ఆ సిస్టమ్ నుంచి మాత్రం వద్దు. మెయిల్ మొదట, తర్వాత బ్యాంకు, జీఎస్‌టీ. ప్రతిచోటా ‘అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్’ కొట్టండి. బ్రౌజర్‌లోని కుకీలు (మీరు లాగిన్ అయ్యారని గుర్తుంచుకునే చిన్న ఫైళ్లు) ఎత్తుకెళ్తే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రావచ్చు. క్రోమ్‌లో సేవ్ చేసినవన్నీ పోయినట్టే లెక్కేసుకోండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఉంటే పీకి పక్కన పెట్టండి.

స్కాన్ క్లీన్ అని వచ్చినా నేనైతే ఫార్మాట్ చేస్తాను. ఆ సిస్టమ్ మీద బ్యాంకు పని చేస్తున్నారంటే ఇంకో మాటే లేదు. లోపలికొచ్చినవాడు ఇన్నాళ్లూ ఇంకేం పెట్టి పోయాడో ఏ స్కానరూ పూర్తిగా చెప్పలేదు.

ఇక్కడ అందరూ అనే మాటొకటుంది: ‘సీ డ్రైవ్ ఒక్కటే కొట్టన్నా, డీలో సాఫ్ట్‌వేర్లున్నాయి’. ఆ డీ డ్రైవ్‌లోనే ఆ క్రాక్ సెటప్ ఉంటుంది! ఫార్మాట్ చేశాక మొదట ఇన్‌స్టాల్ చేసేది దాన్నే. డిజైన్లు, వర్డ్ ఫైళ్లు, ఫోటోలు మాత్రం కాపీ చేసుకుని సెటప్‌లన్నీ వదిలేయండి. మెకానిక్ దగ్గరున్న రెడీమేడ్ యాక్టివేటెడ్ విండోస్ వేయించుకోకండి. మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో, వేరే సిస్టమ్‌లో, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద తయారు చేయించండి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, సిస్టమ్ తట్టుకుంటే 11 వేయించండి.

ఒకవేళ ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే మాత్రం ఫార్మాట్ ఆపండి, ఆధారాలు అందులోనే ఉంటాయి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఫిర్యాదు నమోదయ్యాక, పోలీసులు సిస్టమ్ అక్కర్లేదన్నాకే ఫార్మాట్ సంగతి.