ప్రదర్శన పరుగుల చాటున రహస్య పరీక్షలు సాధ్యమేనా?

ఫార్ములా వన్‌లో ప్రస్తుత కారుతో టెస్టింగ్‌ను ఇంతగా కట్టడి చేసినప్పుడు, వీధి ప్రదర్శనల పేరుతోనో ప్రకటనల చిత్రీకరణ పేరుతోనో కార్లను బయటికి తీసే జట్లు ఆ చాటున కొత్త భాగాలను గుట్టుగా పరీక్షించుకోవచ్చు కదా, వాళ్లను పట్టుకునేదెవరు అన్నది మీ ప్రశ్న. వీధి ప్రదర్శనలో జట్టుకు దొరికేది దాదాపు ఏమీ లేదు. చిత్రీకరణ రోజున దొరికేది చాలానే ఉంది గానీ అది రహస్యం కాదు. అసలైన సందులు ఈ రెండింటికీ బయట ఉన్నాయి. నేను ఫార్ములా వన్ (ఎఫ్1) గ్యారేజీలో ఎప్పుడూ పని చేయలేదని ముందే చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఒక్కరే కూర్చునే రేసు కార్లు (సింగిల్ సీటర్) నడిపే ఒక చిన్న జట్టులో మూడు సీజన్లు డేటా ఇంజినీరుగా ఉన్నాను, మీరు అడిగిన పనిని చిన్న స్థాయిలో చేసిన బృందంలో నేనూ ఒకణ్ణి.

మొదట నిబంధనల సంగతి చూద్దాం. ఒకప్పుడు పెద్ద జట్లు రేసుకూ రేసుకూ మధ్య వేల కిలోమీటర్లు కారు నడిపేవి, అందుకోసమే టెస్ట్ డ్రైవర్లనూ, విడిగా ఒక సిబ్బంది బృందాన్నీ పోషించేవి. ఖర్చు తగ్గించాలన్న ఉద్దేశంతో 2009 నుంచి సీజన్ మధ్యలో టెస్టింగ్‌ను దాదాపుగా ఆపేశారు; తర్వాతి కాలంలో అడపాదడపా కొన్ని రోజులు అనుమతించినా పాత రోజులు మళ్లీ రాలేదు. 2025 సీజన్‌కు ముందు జట్లకు దక్కింది బహ్రెయిన్‌లో మూడే రోజులు, అదీ జట్టుకు ఒక్క కారుతో. ఈ కరవులో ప్రచారం కోసం రెండు రకాల మినహాయింపులు మిగిలాయి. జనం ముందు చేసే ప్రదర్శన పరుగు 15 కిలోమీటర్లు దాటకూడదు, ఎఫ్1కు ఆమోదం పొందిన ట్రాక్ మీద జరగకూడదు, పైగా ఆ పనికే ప్రత్యేకంగా తయారు చేసిన టైర్లు వాడాలి. చిత్రీకరణ రోజుకు మాత్రం మామూలు సర్క్యూట్ వాడుకోవచ్చు. దాని పరిమితి మొదట 100 కిలోమీటర్లు ఉండగా 2024లో 200కు పెంచారు. ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్ ఒక చుట్టు 5.891 కిలోమీటర్లు కాబట్టి 15 కిలోమీటర్లంటే అక్కడ రెండున్నర చుట్లు, 200 అంటే 34 చుట్లకు ఒక్క అడుగు ఇటు. మామూలు రేసు దూరం 305 కిలోమీటర్లన్నది గుర్తుంచుకుంటే ఈ రెండింటి మధ్య తేడా అర్థమవుతుంది.

వీధి ప్రదర్శనలో చాలాసార్లు నడిచేది ప్రస్తుత కారే కాదు. 2023 మార్చిలో ముంబైలోని బాంద్రాలో మాజీ ఎఫ్1 డ్రైవర్ డేవిడ్ కూల్టార్డ్ నడిపిన రెడ్‌బుల్ ఆర్‌బీ7 కారు 2011 నాటిది, అందులో ఉన్నది ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిను. 2014లో పెట్రోలుకు విద్యుత్తు తోడయ్యే ఆరు సిలిండర్ల హైబ్రిడ్ వీ6 ఇంజిన్లు వచ్చాక ఆ వీ8తో ఇప్పటి కారుకు నేర్చుకోగలిగేది ఏమీ లేదు. చెవులు గింగురుమనే ఆ మోత కోసమే జనం వస్తారు, జట్టుకూ కావలసింది అదే.

ఇక మా కథ. మేము పాల్గొన్న చాంపియన్‌షిప్‌లో ఏడాదికి ఇన్ని టెస్ట్ రోజులేనని లెక్క ఉండేది, స్పాన్సర్ కోసం చేసే వీధి ప్రదర్శన ఆ లెక్కలోకి వచ్చేది కాదు. ఒక వేసవిలో ఒక చిన్న పట్టణం నడివీధిలో కారు నడిపే అవకాశం రాగానే, మా ప్రధాన ఇంజినీరు ముందు రోజు రాత్రి వర్క్‌షాపులో మమ్మల్ని కూర్చోబెట్టి, ఊరికే పొగ పెట్టి రావడం దేనికి, రెండు సంగతులు తెలుసుకుని వద్దామన్నాడు. మొదటిది క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందన్నది. రెండోది రేడియేటర్ ముందు ఎంత మేర టేప్ అంటించవచ్చన్నది. తెలియనివారి కోసం చెబుతున్నాను: గాలి లోపలికి పోయే నోటిని కొంత టేప్‌తో మూసేస్తే గాలి నిరోధం తగ్గి, తిన్నటి దారిలో వేగం కాస్త పెరుగుతుంది, మరీ మూసేస్తే ఇంజిను ఉడికిపోతుంది. ఆ రెండింటి నడుమ గీత ఎక్కడుందో ప్రతి జట్టూ వెతుక్కుంటూనే ఉంటుంది. మేము నోటిలో మూడో వంతు మూసి, ఇంజిను మూత లోపలి వైపు వేడికి రంగు మారే సన్నని స్టిక్కర్లు వరసగా అంటించాం. ఎంత వేడి తగిలిందో ఆ స్టిక్కర్ మీది అంకె నల్లబడి చెబుతుంది, తర్వాత కారు చల్లారినా ఆ నలుపు పోదు కాబట్టి తీరిగ్గా చూసుకోవచ్చు.

మరునాడు నాలుగు వందల మీటర్ల వీధిలో తొమ్మిది పరుగులు చేశాం. ప్రతి పరుగు చివర కారును నలుగురం పట్టుకుని వెనక్కి తిప్పేవాళ్లం, ఆ లోపు పిల్లలతో ఫొటోలు, స్పాన్సర్‌గారి మాటలు. ఇలాంటి కార్లకు మన ఇంటి కారులో లాగా రేడియేటర్ ఫ్యాన్ ఉండదు. కదులుతుంటేనే గాలి, ఆగితే లేదు. ఒక మెకానిక్ తోటలో ఆకులు ఊడ్చే బ్లోయర్‌ను కారు పక్కన రేడియేటర్ ఉండే సైడ్‌పాడ్‌కు ఆనించి నిలబడ్డా నీటి ఉష్ణోగ్రత పైకే పాకింది. సాయంత్రం మూత విప్పితే స్టిక్కర్లలో చివరి గడి దాకా నల్లగా ఉంది. టేప్ ఎక్కువైందని తేల్చేసుకుని, తర్వాతి రేసులో దాదాపు అంతా పీకేశాం. ఆ రేసులో నీరు చల్లగా, హాయిగా ఉంది. మా కారు మాత్రం తిన్నటి దారిలో ఎదుటివాళ్ల వెనక నుంచి బయటికి తీసి కూడా పక్కకు చేరలేకపోయింది. ఆగి ఆగి నడిచిన వీధిలో పుట్టిన వేడిని రేసు వేగంలోని వేడి అనుకోవడం మా తెలివితక్కువతనం. లాప్‌టాప్‌లో ఆ గ్రాఫు చూసి కూడా నేను అభ్యంతరం చెప్పలేదు, అందులో నా వాటా నాకుంది.

క్లచ్ మాత్రం పనికొచ్చింది. తొమ్మిది పరుగులంటే తొమ్మిది స్టార్టులు. లివర్ ఎంత వదిలితే చక్రానికి బలం అందుతోందో స్పష్టంగా కనిపించింది. గేర్లు సరిగ్గా పడుతున్నాయా, వైరింగ్ కనెక్టర్ ఏదైనా వదులైందా, పెట్రోలు సక్రమంగా అందుతోందా లాంటివి నడివీధిలోనైనా తెలుస్తాయి. కారును నిజంగా వేగవంతం చేసేవి మాత్రం అక్కడ తెలియవు. గాలి కారును నేలకు అదిమే బలం, అంటే డౌన్‌ఫోర్స్, వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే లెక్క ప్రకారం పెరుగుతుంది. గంటకు 250 కిలోమీటర్ల వద్ద పుట్టే దానిలో 100 కిలోమీటర్ల వద్ద పుట్టేది ఆరో వంతుకు కూడా చేరదు. ఆ వేగంలో కారు ముందుండే రెక్క (ఫ్రంట్ వింగ్) కొత్తది బిగించినా, చెక్క పలక బిగించినా డేటాలో పెద్ద తేడా ఉండదు. పైగా టైర్లు రేసు టైర్లు కావు, రోడ్డు రేసు రోడ్డు కాదు. ఎఫ్1 నిబంధనలు రాసినవారు 15 కిలోమీటర్లను, ప్రత్యేక టైర్లను, ఆమోదం లేని దారిని ఒకేచోట చేర్చింది ఊరికే కాదు, వీటిలో ఏ ఒక్కటి సడలించినా మా ప్రధాన ఇంజినీరు లాంటివాళ్లకు పని దొరుకుతుంది.

చిత్రీకరణ రోజు పరిస్థితి వేరు. సర్క్యూట్ అసలైనది, వేగం అసలైనది, టైర్లు ఇక్కడా ప్రదర్శన కోసం చేసినవే, అవి తప్ప మిగతా కారంతా రేసు కారే. సీజన్ మొదట్లో కొత్త కారును మొదటిసారి నడిపే షేక్‌డౌన్‌కు చాలా జట్లు ఈ రోజునే వాడుకుంటాయి. చమురు కారుతోందా, ఏదైనా దేనికైనా రాసుకుంటోందా అన్నవి బహ్రెయిన్ చేరే ముందే తేలిపోతాయి. 2025 జూలై మధ్యలో ఫెరారీ ఇటలీలోని ముజెల్లో ట్రాక్‌లో చిత్రీకరణ రోజు పెట్టుకుని, తన డ్రైవర్లు లెక్లెర్, హ్యామిల్టన్‌లతో మార్పు చేసిన వెనుక సస్పెన్షన్‌ను నడిపించి, దాన్నే ఆ నెలాఖరులో బెల్జియం రేసుకు తీసుకువెళ్లింది. ముజెల్లో చుట్టు 5.245 కిలోమీటర్లు కాబట్టి 200 కిలోమీటర్లకు 38 చుట్లు వస్తాయి. కొత్త సస్పెన్షన్‌తో కారు ఎత్తు లెక్కల్లో చెప్పినట్టే ఉంటోందా, సెన్సార్లు ఫ్యాక్టరీలో గాలి సొరంగం (విండ్ టన్నెల్) ఇచ్చిన అంకెలతో సరిపోతున్నాయా అని చూసుకోవడానికి అది చాలు. ల్యాప్ టైము సంగతి మాత్రం ఆ టైర్లతో నమ్మదగినట్టు తేలదు. ఈ పరుగు జరగబోతోందని పత్రికలకూ ముందే తెలుసు, అందులో నిబంధనకు విరుద్ధమైనదీ లేదు. కెమెరా పెట్టారు కాబట్టి పేరు చిత్రీకరణ. దాన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు, సినిమా షూటింగ్ అనడానికీ మనసొప్పదు.

గుట్టుగా ఇంకా ఎక్కువ నడిపితే ఎలా తెలుస్తుందన్నారు. 2008 నుంచి ఎఫ్1 కార్లన్నిటికీ ఒకే సరఫరాదారు ఇచ్చే ఈసీయూనే, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌నే బిగించాలి, అది మెక్‌లారెన్ ఎలక్ట్రానిక్స్ విభాగం తయారుచేసినది. అందులోని రికార్డు ఈ పోటీలను నియంత్రించే ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏకు అందుబాటులో ఉంటుంది కాబట్టి కిలోమీటర్లు దాచడం కష్టం. దానికి మించి, ట్రాక్ కంచె బయట పొడవాటి లెన్సులతో నిలబడేవాళ్ల కళ్లు కప్పడం ఇంకా కష్టం. మా జట్టులో ఒక మెకానిక్ శని, ఆదివారాల్లో అదే పని చేసేవాడు.

రహస్యం అన్న మాటకు నిజంగా తగిన ఉదంతం 2013లో జరిగింది, అదీ ప్రచారం పేరుతో కాదు, టైర్ల పేరుతో. మే 15 నుంచి 17 దాకా మూడు రోజులు, స్పెయిన్ రేసు ముగిసిన బార్సిలోనా ట్రాక్ మీదే, మెర్సిడెస్ తన 2013 కారుతో ఎఫ్1కు టైర్లు ఇచ్చే పిరెల్లీ కంపెనీ కోసం దాదాపు 1000 కిలోమీటర్లు నడిపింది. కారులో కూర్చున్నది అప్పటి మెర్సిడెస్ రేసు డ్రైవర్లు హ్యామిల్టన్, రోస్‌బర్గ్; ఇద్దరూ తమ గుర్తులు లేని హెల్మెట్లు పెట్టుకున్నారు. మే 26న మొనాకోలో రోస్‌బర్గ్ గెలిచిన వారాంతంలో సంగతి బయటపడి, రెడ్‌బుల్, ఫెరారీ ఫిర్యాదు చేశాయి. జూన్‌లో పారిస్‌లో విచారించిన ఎఫ్ఐఏ ట్రిబ్యునల్ మెర్సిడెస్‌ను, పిరెల్లీని మందలించి, సిల్వర్‌స్టోన్‌లో జరగబోయే యువ డ్రైవర్ల టెస్టుకు మెర్సిడెస్‌ను దూరం పెట్టింది. అసలు కారు, అసలు ట్రాక్, అసలు డ్రైవర్లు, రేసు దూరానికి మూడింతలు! వీధి ప్రదర్శనలు వందసార్లు చేసినా ఇంత దొరకదు, శిక్ష మాత్రం ఇంత చిన్నదేనా అని ఆ రోజుల్లో మేమంతా నోళ్లు వెళ్లబెట్టాం.

ఇప్పటి సందు పాత కార్ల టెస్టింగ్. కొన్నేళ్ల కిందటి కారును నడుపుకోవడానికి చాలాకాలం పెద్దగా హద్దుల్లేవు. 2024లో మెర్సిడెస్ తన 2021, 2022 కార్లలో యువ డ్రైవర్ కిమీ ఆంటొనెల్లిని ట్రాకుల వెంట తిప్పి రేసుకు సిద్ధం చేసింది ఆ వీలుతోనే. పాత కారులో కొత్త భాగం బిగించడానికి లేదు నిజమే. కానీ డ్రైవర్ పదును పోకుండా ఉంటాడు, పిట్ సిబ్బందికి సాధన దొరుకుతుంది, ఫ్యాక్టరీలోని సిమ్యులేటర్ చెప్పేది నిజమో కాదో ఆ ట్రాక్ మీదే సరిచూసుకోవచ్చు. డేటా ఇంజినీరుగా నన్నడిగితే ఇదే అన్నిటికన్నా విలువైనది. 2025 నుంచి జట్టుకు ఏడాదికి 20 రోజులు, అందులో రేసు డ్రైవర్లకు నాలుగు రోజులు, 1000 కిలోమీటర్లు మించకూడదని గీత గీశారు. డబ్బున్న జట్టు ఆ 20 రోజుల్లో ఒక్కటి కూడా వదులుకోదు, నేనైనా వదులుకోను.