నీతులు చెబితే నవ్వే వయసు పిల్లలకు మంచి నడవడిక ఎలా నేర్పాలి?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా శనివారం విలువల పీరియడ్ ఇచ్చారని, నీతికథ మొదలుపెట్టగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతున్నాయని, ఏం చేయాలో చెప్పమని ఈమధ్యే ఉద్యోగంలో చేరిన టీచర్ ఒకరు అడిగారు.

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఎక్కువగా నాకు పడేవి ఈ మూడు తరగతులే. ఆ పీరియడ్‌లో చెప్పే కథల మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. అబద్ధమాడటం, దొంగతనం తప్పని పన్నెండేళ్ల పిల్లాడికి ఎప్పుడో తెలుసు. ఇప్పుడు వాడు గమనించేది ఆ మాటలు బడిలో ఎవరికి వర్తిస్తున్నాయి, ఎవరిని చూసీచూడనట్టు వదిలేస్తున్నారు అని. టీచర్ల పక్షపాతం పట్టుకోవడంలో ఎనిమిదో తరగతి వాళ్లను మించినవాళ్లు లేరు.

మా బడిలో అసలు పాఠం మధ్యాహ్న భోజనం దగ్గర జరుగుతుంది. గుడ్లు, చిక్కీలు పంచే పని పిల్లలకే ఇచ్చాం. నియమం ఒక్కటే: పంచేవాళ్లు ఆఖరున తీసుకోవాలి. ట్రేలో కొన్ని గుడ్లు చితికి ఉంటాయి, చిక్కీల్లో విరిగినవి ఉంటాయి. అంతకుముందు పెద్ద క్లాసు వాళ్లు మంచివి స్నేహితులకు ఏరి పెట్టి, మిగిలినవి ఆరో తరగతి వాళ్లకు అంటగట్టేవారు. ఆఖరున మిగిలేది తమకేనని తెలిశాక లెక్క దానంతటదే సరిపోయింది. కొన్నాళ్లకు ఏడో తరగతి అమ్మాయిలు ఇంకో రూల్ కలిపారు. ఇవాళ చితికిన గుడ్డు వచ్చినవాళ్లు రేపు లైన్లో ముందు నిలబడాలట. నాకు తట్టని ఆలోచన అది. న్యాయం గురించి నేను చెప్పిన ఏ పాఠమూ వాళ్లను అంతసేపు ఆలోచింపజేయలేదు.

ఆ భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టాక, ఆవిడెవరు సార్ అని పిల్లలే అడిగారు. కోనసీమలోని లంకల గన్నవరంలో ఉంటూ, గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన మనిషని, 1909లో చనిపోయారని చెప్పాను. చెయ్యి కడుక్కోకుండా కూర్చుని విన్నారు. ఒక్కరూ నవ్వలేదు, అడిగింది వాళ్లే కదా.

చీపురు సంగతి ఇంకా ముఖ్యం. క్లాసు ఊడ్చే పని ఎవరికి పడుతోందో మీ బడిలో ఒక వారం గమనించండి. చాలాచోట్ల ఆడపిల్లలకే పడుతుంది, వాళ్లలోనూ కొన్ని ఇళ్ల పిల్లలకే. రోల్ నంబర్ల వరుసన పెడితే సరిపోతుందనుకుంటాం. మా రిజిస్టర్లో మగపిల్లల పేర్లు ముందుంటాయి, ఆడపిల్లలవి తర్వాత. మగపిల్లల వంతు వచ్చిన వారం మాత్రం క్లాసులు ఎందుకో ఊడవకుండానే ఉండిపోతాయి! అందుకే చీటీలు తీస్తాం. నా పేరు చీటీ కూడా అందులో ఉంటుంది. సారు వంతు వచ్చిన రోజు కిటికీల దగ్గర ఒకటే గుంపు. నవ్వితే నవ్వనివ్వండి, మర్నాడు చీపురు పట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు.

ఇక ఏదైనా వస్తువు పోయినప్పుడు. అందరి ముందు బ్యాగులు వెతకడం మొదలుపెడితే మొదటి చెయ్యి ఎప్పుడూ పేదపిల్లాడి బ్యాగు మీదే పడుతుంది. పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, పదిమందిలో దొంగ అనిపించుకున్న పిల్లాడు ఆ బడిలో ఇక ఎవరి మాటా వినడు. రేపు ప్రేయర్ లోపు వస్తువు టేబుల్ మీద ఉంటే ఎవరు పెట్టారని అడగను అని చెబుతాను, నిజంగానే అడగను. చాలాసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు.

ప్రేయర్‌లో చెప్పే ప్రతిజ్ఞను కూడా వాడుకోండి. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులో రాసిన ఆ ప్రతిజ్ఞను ఇప్పుడు దేశమంతా చెబుతోంది. ఆయన నల్గొండ జిల్లా అన్నెపర్తి మనిషి. మన పిల్లలేమో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసి క్లాసుకు పరిగెడతారు. అందరితో మర్యాదగా నడుచుకుంటామని చెప్పే చోట ఆపి, పొద్దుట్నుంచి మీరు ఎవరెవరితో మాట్లాడారో రాయమన్నాను. బోర్డు మీద వంటమ్మ, ఆయా, ఆటో డ్రైవర్ చేరారు. వాళ్లను ఏమని పిలుస్తున్నారు అనేసరికి తలలు దించారు. ఆ వారం నుంచి వంటావిడ 'ఏయ్' కాదు, 'పిన్నీ' అయింది. పిన్ని చేతి గరిటె కూడా కాస్త ఉదారంగా మారిందని పిల్లల అనుమానం.

మంచి విద్యార్థి బ్యాడ్జీలు, స్టార్లు నాకు నచ్చవు. బ్యాడ్జీ కోసం చేసే మంచి టీచర్ కనబడినంతసేపే ఉంటుంది.

శనివారం పీరియడ్ మాత్రం వదులుకోకండి. ఆ వారం క్లాసులో నిజంగా జరిగిన తగాదా ఒకటి ఎత్తుకోండి. ఒకరి వాదన ఇంకొకరి చేత చెప్పించండి. అవతలివాడు "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకునేదాకా తీర్పు జోలికి పోవద్దు. ఇద్దరూ మరీ మొండికేస్తే వచ్చే శనివారానికి వాయిదా వేయండి, ఈలోపు సగం తగాదాలు వాళ్లే మర్చిపోతారు. హెచ్.ఎం. గారు రిపోర్టు అడిగితే అదే రెండు లైన్లలో రాసివ్వండి. ఫోటో ఎలాగూ అడుగుతారు, అదీ తీసి పెట్టుకోండి.