మిషన్ ఆర్డరు పెట్టకముందే అడగండి

ప్రశ్న: అన్నగారూ, ప్యాకింగ్ సెక్షన్‌లో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. వచ్చే ఏడాది రోబో లైన్ వేస్తారట. ‘ఎవరినీ తీసెయ్యం’ అని మేనేజ్‌మెంట్ అంటోంది. ‘మిషన్‌ని గేటు దాటనివ్వం’ అని యూనియన్ అంటోంది. ఎవరి మాట పట్టుకోవాలి? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
- ఒక కార్మికుడు

జవాబు: తమ్ముడూ, ‘ఎవరినీ తొలగించం’ అన్న కాగితం మీద యూనియన్ కార్యదర్శిగా నేనే ఒకప్పుడు సంతకం పెట్టాను. మా యాజమాన్యం ఆ మాట తప్పలేదు. పర్మినెంట్ వాళ్లలో ఒక్కరినీ తీయలేదు. రిటైరైన వాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోలేదు, అంతే. కాంట్రాక్టు వాళ్లయితే మొదటి నెలలోనే పోయారు. వాళ్ల ఊసే మా ఒప్పందంలో లేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధపడతాను. నాలుగేళ్లలో షిఫ్టుకు 26 మంది కాస్తా 9 మందిమయ్యాం. మిషన్ మీద ఎర్రలైటు వెలిగిందంటే, ఒకే మనిషి మూడు లైన్ల మధ్య పరిగెత్తేవాడు.

ఇక గేటు దగ్గర ఆపడం. ఇవాళ ఆపినా, ఆ పనిని వేరే ప్లాంటుకు తరలిస్తే మీ చేతిలో ఏముంటుంది? అమెరికా పశ్చిమ తీరంలోని ఓడరేవు కార్మికులు 1960లో ఇంకో దారి పట్టారు. హ్యారీ బ్రిడ్జెస్ వాళ్ల నాయకుడు. యంత్రాలు రానిస్తాం, మా వాటా మాకివ్వండి అన్నారు. యజమానులు ఏటా 50 లక్షల డాలర్లు ఒక నిధిలో వేయాల్సి వచ్చింది. ముందుగా రిటైరయ్యేవాళ్లకు అందులోంచి డబ్బు, పని తగ్గినా పూర్తి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు, అంటే మన పర్మినెంట్ లాంటివాళ్లకు, కనీస ఆదాయం. ఆ రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు మాత్రం ఆ రక్షణ దక్కలేదు. మా కాంట్రాక్టు వాళ్ల కథే అది కూడా.

అక్కడ ఇంకో దెబ్బ కూడా తగిలింది. పని పంచేది యూనియన్ హాలు, వంతుల వారీగా. క్రేన్ నడిపేవాళ్లను యజమానులు తమ దగ్గరే అట్టిపెట్టుకోవచ్చని 1966 ఒప్పందంలో ఒక నిబంధన చేరింది. మంచి పని కొద్దిమందికే పోయింది. 1971-72లో మధ్యలో ఆగి, మొత్తం 134 రోజులు సాగిన సమ్మెకు ఉన్న కారణాల్లో అదొకటి. అందుకే చెబుతున్నాను, కొత్త మిషన్ నడిపేదెవరు అన్నది చిన్న విషయం కాదు. ఆ ట్రైనింగ్ మీ సెక్షన్ వాళ్లకే, డ్యూటీ టైములోనే ఇవ్వాలని రాయించుకోండి. వేరే సెక్షన్‌కు మార్చినా జీతం తగ్గకూడదని రాయించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ‘తొలగించం’ అన్న మాట బదులు షిఫ్టుకు ఎన్ని పోస్టులుంటాయో అంకెల్లో ఉండాలి, ఖాళీ అయిన పోస్టు నింపుతామని ఉండాలి.

ఆర్డరు పెట్టేశాక మీ మాటకు బలం సగం తగ్గుతుంది. కాబట్టి ఈ వారమే ఒక నోటుబుక్కు తీసుకో. ఏ షిఫ్టులో ఎంతమంది, కాంట్రాక్టు వాళ్లెందరు, వచ్చే ఐదేళ్లలో రిటైరయ్యేదెవరు, పేరు పేరునా రాయి. అది పట్టుకుని జనరల్ బాడీలో లేచి నిలబడు. కాంట్రాక్టు వాళ్లనూ వెంట తీసుకెళ్లు.