లైసెన్సు కన్నా ముందు రెండు రోజుల నేర్పు కావాలి

పొలం గట్ల మీది చెట్లు కోయడానికి చెయిన్ మిషన్ కొందామని వెళితే, ఇంతకుముందు ఎప్పుడైనా పట్టారా అని కొట్టువాళ్లు ఒక్క మాట కూడా అడగకుండా చేతిలో పెట్టారని మీరు రాశారు. మోటారు సైకిలుకు లైసెన్సు అడిగే దేశంలో దీనికి లైసెన్సో శిక్షణో ఎందుకు తప్పనిసరి చేయరని అడిగారు.

శిక్షణ తప్పనిసరి చేయాలి. కూలికి కోసేవారికీ, మిషన్ అద్దెకిచ్చేవారికీ అయితే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. లైసెన్సు సంగతి వేరు. అది మన ఊళ్లలో చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూసి మాట్లాడాలి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే మా చిన్నాయన చెయ్యి గురించి చెప్పాలి.

మాది నల్లగొండ జిల్లాలో పెద్దవూర వైపు ఊరు. నాలుగెకరాల బత్తాయి తోట ఉండేది. 2016 వేసవికి బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకర్లతో నీళ్లు పోసినా చెట్లు నిలవలేదు. పద్దెనిమిదేళ్లు పెంచిన తోటను మా చేతులతోనే కొట్టేయాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. కట్టె ఎండి బరువు తగ్గకముందే అమ్ముకోవాలన్న తొందరలో పక్క ఊరి నుంచి మిషన్ అద్దెకు తెచ్చాం.

చిన్నాయన చిన్నప్పటి నుంచి గొడ్డలి పట్టిన మనిషి. తుమ్మ చెట్టు మొదట్లో నిలబడి ఒకసారి పైకి చూసి, అది ఏ పక్కకు ఒరుగుతుందో చెప్పేవాడు. అలాంటి మనిషికి మిషన్ ఇవ్వడానికి ఇంట్లో ఎవరూ సందేహించలేదు. తాడు ఎలా లాగాలో, పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలో చూపించి మిషన్ యజమాని వెళ్లిపోయాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు రోజులు బత్తాయి మొదళ్లు సాఫీగా తెగాయి. మూడో రోజు సాయంత్రం చిన్నాయన గట్టు మీది సర్కారు తుమ్మ పొదలోకి దిగాడు. మోకాలి ఎత్తులో ఒక కొమ్మ కోస్తుంటే, ఆకుల చాటున ఉన్న ఇంకో కొమ్మకు మిషన్ మొన తగిలింది. అంతే, మిషన్ తన్నింది. నేను పది అడుగుల దూరంలో కట్టెలు పేరుస్తున్నాను. ఇంజిను శబ్దం మారడం విన్నాను, తల తిప్పేసరికి ఆయన కింద కూర్చుని ఉన్నాడు. ఎడమ మణికట్టుకు పైన ఎముక దాకా తెగింది. తువ్వాలు గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకుని ఆటోలో తీసుకెళ్లాం. తెగిన నరాలు కుట్టించడానికి హైదరాబాదు దాకా వెళ్లాల్సి వచ్చింది. ప్రాణానికి ముప్పు తప్పింది కానీ రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. పొద్దున్నే రెండు గేదెల పాలు పిండిన మనిషి ఇప్పుడు చెంబు మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఒక చేత్తోనే పితుకుతాడు.

ఇది తలరాత కాదు. ఆ మిషన్‌లో ముందు పిడికి ఎదురుగా ఉండాల్సిన ప్లాస్టిక్ పలక లేదు. ఎప్పుడో విరిగితే, పొదల్లో అడ్డం వస్తోందని యజమాని పూర్తిగా విప్పేశాడు. కంప గీరుకోకుండా పెట్టిన అడ్డు మాత్రమే అది అని మేమూ అనుకున్నాం. నిజానికి అది బ్రేకు మీట. మిషన్ తన్ని పైకి లేచినప్పుడు చేతి వెనుక భాగం ఆ పలకకు తగిలినా, తన్నిన ఊపుకు పలక దానంతటదే ముందుకు వాలినా, సెకనులో చిన్న భాగంలో చెయిన్ ఆగిపోతుంది. ఆ పలక లేని మిషన్‌కు బ్రేకు లేనట్టే.

ఎందుకు తన్నుతుందో కూడా ఆ తర్వాతే తెలిసింది. చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీని ప్లేటు అంటారు. చెయిన్ దాని పైభాగంలో ముందుకు పరుగెత్తి, మొన దగ్గర కిందికి తిరుగుతుంది. మొనలో పైసగం గట్టి కట్టెకు తగిలితే పళ్లు కోయలేక పట్టుకుపోతాయి. చెయిన్‌ను నడిపే బలమంతా అప్పుడు ప్లేటును పైకి, వెనక్కి, అంటే పట్టుకున్న మనిషి మీదికి విసురుతుంది. పూర్తి వేగంలో చెయిన్ సెకనుకు 20 మీటర్ల పైన పరుగెడుతుంది. గంటకు లెక్కేస్తే 70 కిలోమీటర్లు దాటుతుంది. ఏ మనిషి చెయ్యీ అంత వేగంగా పక్కకు తప్పుకోలేదు. చిన్నాయన అనుభవం తక్కువదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన అనుభవం గొడ్డలిది.

గొడ్డలితో ఒక పెద్ద వేపను పడగొట్టాలంటే పూట పట్టేది. అలసిపోయి ఆగేవారు, ఆగినప్పుడు పైకి చూసేవారు, కొమ్మ బరువు ఎటుందో మళ్లీ లెక్క వేసుకునేవారు. కొత్తగా నేర్చుకునే కుర్రవాడు ఏళ్ల తరబడి చిన్న కొమ్మలు కొట్టిన తర్వాతే పెద్ద మొదలు దగ్గరికి వచ్చేవాడు. మిషన్ ఆ వ్యవధిని తీసేసింది. పాతికేళ్ల పనివాడి బలం మొదటి రోజే కొత్తవాడి చేతికి వస్తోంది, కానీ దాంతో రావాల్సిన జాగ్రత్త రావడం లేదు. ఇప్పుడు మిషన్లు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతున్నాయి. పెట్టె విప్పిన గంటకే పొలంలో ఇంజిను మోగుతోంది.

మరుసటి ఏడాది అచ్చంపేట వైపు అటవీ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. చిన్నాయన సంగతి విని, రెండు రోజులు వచ్చి నేర్చుకోమన్నారు. మొదటి రోజంతా ఆయన మిషన్ స్టార్టు చేయనివ్వలేదు. ఆకురాయితో చెయిన్ పళ్లు పదును పెట్టించారు. ప్రతి కోసే పన్ను ముందు ఒక చిన్న బొడిపె ఉంటుంది, పన్ను కట్టెలోకి ఎంత లోతుకు దిగాలో అదే నిర్ణయిస్తుంది. త్వరగా తెగుతుందని మనవాళ్లు ఆ బొడిపెను మితిమీరి అరగదీస్తారు. అప్పుడు పన్ను కట్టెను పెద్ద ముక్కలుగా లాగి, తన్నే గుణం ఎక్కువవుతుంది. నేను అప్పటిదాకా చూసిన ప్రతి అద్దె మిషన్‌లోనూ ఆ బొడిపెలు అరిగే ఉన్నాయి.

రెండో రోజు ఒక ఎండిన వేప దగ్గరికి తీసుకెళ్లారు. కోయడానికి ముందు పారిపోయే దారి శుభ్రం చేయించారు. చెట్టు పడే దిక్కుకు వెనకగా, ఏటవాలుగా ఉండాలి ఆ దారి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఇంకెవరూ ఉండకూడదన్నారు. పడే పక్కన మొదలు మందంలో నాలుగో వంతు మించకుండా గాటు పెట్టాలి. వెనక కోత పెట్టినప్పుడు కట్టెను పూర్తిగా తెంచకుండా, మందంలో పదో వంతు తలుపు కీలులాగా వదలాలి. అడుగున్నర మందం చెట్టుకు అది దాదాపు రెండు అంగుళాలు. ఆ కీలే చెట్టును మనం అనుకున్న పక్కకు దించుతుంది. దాన్ని కూడా కోసేస్తే చెట్టు ఎటైనా పోవచ్చు. బాగా వాలి ఉన్న చెట్టునైతే ఇలా కోయడం కూడా ప్రమాదమే, మొదలు నిలువునా చీలి కోసేవాడి ఛాతీకి తగలవచ్చని చెప్పారు.

కానీ మన దక్షిణ తెలంగాణలో మిషన్ ఎక్కువగా దిగేది నిటారు మానుల మీదికి కాదు, సర్కారు తుమ్మ కంపలోకి. ఒకే మొదట్లో అయిదారు కాండాలు, ముళ్లు, కిందికి వంగిన కొమ్మలు. మొన ఎక్కడ తగులుతోందో కనిపించని చోటు అది. అందుకే శిక్షణ పెడితే కంప కోతే మొదటి పాఠం కావాలి. ముందు సన్న కొమ్మలు కొడవలితో తీసి చోటు చేసుకోవాలి. ప్లేటు మొన కంటికి కనిపించనప్పుడు వేగం పెంచే మీట నొక్కకూడదు. రెండు చేతులూ మిషన్ మీద ఉండాలి, ఎడమ బొటనవేలు ముందు పిడి చుట్టూ బిగించి ఉండాలి. భుజం ఎత్తు దాటి కోయకూడదు. లుంగీ, మెడలో తువ్వాలు, కాళ్లకు చెప్పులతో ఆ పనికి దిగకూడదు. కరెంటు తీగల దగ్గరి కొమ్మలైతే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపామన్న మాట, తీసుకోకుండా ముట్టుకోనేకూడదు.

ఇక లైసెన్సు. చాలా రకాల చెట్లు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం చెబుతోంది. ఆ చట్టం చెట్టు గురించి అడుగుతుంది, అది అవసరం కూడా. మిషన్ పట్టిన మనిషికి పని వచ్చా రాదా అని అడగదు. ఫిలిప్పీన్స్‌లో 2002లోనే చెయిన్ సా చట్టం తెచ్చి మిషన్లను రిజిస్టరు చేయిస్తున్నారు, అది అడవిని కాపాడుకోవడానికి. స్వీడన్ దారి వేరు. అక్కడ 2014 డిసెంబరు నుంచి ఉద్యోగంగా ఈ పని చేసేవారికి శిక్షణ, పరీక్ష ఉండాల్సిందే. బ్రిటన్‌లోనూ పనిగా చేసేవారు నేర్పు నిరూపించుకోవాలి, సొంత పెరట్లో కొమ్మలు కోసుకునేవారిని లైసెన్సు అడగరు. నాకు ఈ తేడా సబబుగా అనిపిస్తుంది.

మన దగ్గర ప్రతి కూలీకీ లైసెన్సు పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. దరఖాస్తు నింపడం రాని మనిషి ఆఫీసు చుట్టూ తిరుగుతాడు, ఒక రోజు కూలి పోతుంది, మధ్యవర్తికి డబ్బు పోతుంది, చేతికి కాగితం వస్తుంది. నేర్పు రాదు. పైగా ప్రమాదం జరిగితే లైసెన్సు లేని కూలీదే తప్పని, మిషన్ ఇచ్చినవాడు పక్కకు తప్పుకుంటాడు. అందుకే నా మాట: బాధ్యత మిషన్ చేతులు మారే చోట పెట్టాలి. అమ్మే కొట్టువారు నేర్పించి, శిరస్త్రాణం, కళ్లద్దాలు, చెవి రక్షణ, కాళ్లకు రక్షణ తొడుగు కలిపే అమ్మాలి. ఆ తొడుగులోని నారపోగులు చెయిన్ తగలగానే బయటికి వచ్చి చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. బ్రేకు పలక లేని మిషన్ అద్దెకిస్తే శిక్ష ఇచ్చేవాడికి పడాలి.

ఇది మన రాష్ట్రానికి చేతకాని పని కాదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులకు కాటమయ్య పేరుతో రక్షణ కవచం కిట్లు 2024లో ఇవ్వడం మొదలుపెట్టారు, వాడే పద్ధతి నేర్పించి మరీ ఇస్తున్నారు. తాటి మీది మనిషికి చేసింది తుమ్మ కంపలోని మనిషికి ఎందుకు చేయకూడదు? కంపాసాగర్, పాలెం, మదనాపురంలలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. రైతులు అక్కడికి వెళ్లడం అలవాటే. రెండు రోజుల కోత శిక్షణ అక్కడే పెట్టవచ్చు, హాజరైన కూలీకి ఆ రెండు రోజుల కూలి కట్టివ్వాలి. లేకపోతే రారు, రాలేరు.

బీమా సంగతి కూడా చెప్పాలి. రైతు బీమా మరణిస్తేనే వస్తుంది, అదీ భూమి ఉన్నవారికి. కోతకు వచ్చే కూలీకి అది అందదు. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టుకోవచ్చు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు, ఒక చెయ్యి పూర్తిగా పోతే లక్ష వస్తాయి. మీరు పనికి పిలిచే మనిషికి అది ఉందో లేదో అడగండి, లేకపోతే మీరే కట్టించండి.

మీరు మిషన్ కొనేశారో లేదో రాయలేదు. కొనకపోతే, కొట్లోనే స్టార్టు చేయించండి. ప్లేటు ఎవరి వైపూ లేకుండా నేల మీద పెట్టి, ఒక్క క్షణం వేగం పెంచి, ముందు పలకను ముందుకు నెట్టమనండి. చెయిన్ ఠక్కున ఆగాలి. ఇంకాస్త తిరిగి ఆగినా ఆ మిషన్ వద్దు. కొనేసి ఉంటే, రేపు పొద్దున్న పొలానికి వెళ్లేముందు ఇంటి దగ్గర ఇదే చేసి చూడండి.