కంపెనీ డబ్బుతో రాయించిన డ్యామ్ నివేదిక చెల్లుతుందా?

ప్రశ్న: మా నది మీద 60 మెగావాట్ల జలవిద్యుత్ డ్యామ్‌కి పర్యావరణ అనుమతి ఇచ్చేశారు. పర్యావరణ ప్రభావ నివేదికను కంపెనీయే డబ్బిచ్చి రాయించింది. ఆ కారణంతో అనుమతిని కొట్టేయించవచ్చా?

జవాబు: అదొక్కటే పట్టుకుంటే కేసు నిలవదండీ. నివేదిక ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలన్నది మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. నా దృష్టిలో ఇది తప్పుడు పద్ధతే, కానీ ప్రస్తుతానికి చట్టబద్ధం. అందుకే నివేదికలో ఏం దాచారో వెతకండి. కావాలని సమాచారం దాచినా, తప్పుడు వివరాలిచ్చినా అనుమతి రద్దు చేయొచ్చని, ఈ అనుమతులకి నియమాలు పెట్టిన కేంద్ర ప్రభుత్వ 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది.

ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చారా, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచారా, సభని వీడియో తీశారా, అక్కడ జనం లేవనెత్తిన అభ్యంతరాలకి తుది నివేదికలో జవాబుందా అన్నవి ఒక్కొక్కటీ చూడండి. నా లెక్కలో మీ కేసుకి బలం ఇక్కడే ఉంటుంది.

అదే నది మీద వేరే డ్యాములు కూడా ఉన్నాయా? అన్నీ కలిపితే నదికేమవుతుందో చూడకుండా దేనికది విడిగా లెక్కేస్తే నష్టం చిన్నదిగానే కనిపిస్తుంది. కేదార్‌నాథ్ వరదల తర్వాత, 2013 ఆగస్టులో, ఉత్తరాఖండ్‌లో కొత్త జలవిద్యుత్ ప్రాజెక్టులకి అనుమతులివ్వొద్దని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు కూడా ఈ ఉమ్మడి ప్రభావం గురించే ఆందోళన పడింది.

మీ డ్యామ్‌కి ప్రపంచ బ్యాంకు అప్పు ఉంటే ఇంకో దారి ఉంది. 1993లో ఏర్పాటైన దాని తనిఖీ ప్యానెల్‌కి బాధితులే నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. నేపాల్‌లో అరుణ్-3 జలవిద్యుత్ ప్రాజెక్టు మీద అలాంటి ఫిర్యాదు వెళ్లాక, 1995లో బ్యాంకు ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది.

అనుమతి ఏ తేదీన వచ్చిందో మీరు రాయలేదు, నా టెన్షన్ అంతా దాని గురించే. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకి గడువు 30 రోజులు, సరైన కారణం చూపితే మరో 60, ఆ తర్వాత ఎంత న్యాయమైన కేసయినా అప్పీలుగా తీసుకోరు. అనుమతి లేఖ, కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల కోసం నడిపే పరివేష్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మిగతా కాగితాలకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, కానీ దాని జవాబుకే 30 రోజులు పట్టొచ్చు కాబట్టి ఆగొద్దు, చేతిలో ఉన్నవాటితో ముందు అప్పీలు వేసేయండి.