లక్సెంబర్గ్‌లో వీకెండ్ గోల్ఫ్: నాలుగు కోర్సులు వద్దు, రెండు రౌండ్లు చాలు

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి శుక్రవారం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికొచ్చేలా లక్సెంబర్గ్ వెళ్లి నాలుగు కోర్సులు (గోల్ఫ్ మైదానాలు) ఆడేయొచ్చా అని అడిగారు. మీ నలుగురిలో ఇద్దరికి విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడినప్పటి హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే నంబర్, తక్కువైతే ఆట అంత మెరుగు) ఉంది. మిగతా ఇద్దరు ఈమధ్యే జర్మనీలో ప్లాట్స్‌రైఫె (కోర్సులో ఆడేందుకు కొత్తవాళ్లు రాసే అర్హత పరీక్ష) పాసయ్యారు. గోల్ఫ్ జోలికి రాని ఫ్యామిలీ ఒకటి రెండో కారులో వస్తోంది. నేను జర్మనీలోని మైన్స్‌లో ఉంటాను. హైదరాబాద్ నయా ఖిల్లా కోర్సులో ఆట నేర్చుకున్నాను. వేసవి వచ్చిందంటే ఆఫీసు ఫ్రెండ్స్‌తో లక్సెంబర్గ్ వెళ్తుంటాను కాబట్టి తెలిసింది చెప్తాను.

ముందే చెప్పేస్తాను, నాలుగు వద్దు. దేశం పొడవు 82 కిలోమీటర్లు, వెడల్పు 57. మ్యాప్ చూస్తే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఆడేయొచ్చనే అనిపిస్తుంది. దూరాలతో నిజంగానే ఇబ్బంది లేదు. చిక్కంతా శని, ఆదివారాలతోనే. 18 హోల్స్ కోర్సులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి, ఆడేవాళ్లేమో బ్యాంకుల్లో, యూరోపియన్ యూనియన్ ఆఫీసుల్లో వారమంతా పనిచేసి వీకెండ్ కోసమే ఎదురుచూసే మెంబర్లు. శనివారం పొద్దున టీ టైమ్‌లు (ఆట మొదలుపెట్టే వేళలు) వాళ్లకే పోతాయి, లేదా క్లబ్ టోర్నమెంట్ ఉంటుంది. బయటివాళ్లకు మిగిలేది మధ్యాహ్నమే. అందుకే శుక్రవారం సగం రోజు సెలవు పెట్టండి. శుక్రవారం మధ్యాహ్నం ఒక రౌండ్, శనివారం మధ్యాహ్నం ఇంకో రౌండ్. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురుంటుంది, మూడింటికి మొదలుపెట్టినా హాయిగా ముగించొచ్చు. పైగా శుక్రవారం గ్రీన్ ఫీ (ఆడేందుకు కట్టే రుసుము) వీకెండ్ కంటే తక్కువ.

కోర్సుల సంగతి. నా ఓటు మొదట సెనింగర్‌బెర్గ్‌లోని గ్రాండ్ డ్యూకల్ క్లబ్‌కే. 1930ల నాటిది, ఎయిర్‌పోర్ట్‌ను ఆనుకుని ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ పక్కన అంటే ఏదో బోసి మైదానం అనుకుంటారు, కానీ అది పూర్తిగా అడవి. ఫెయిర్‌వేలు (బంతి కొట్టుకుంటూ వెళ్లే గడ్డి దారులు) సన్నగా ఉంటాయి, రెండు వైపులా పెద్ద చెట్లు. డ్రైవర్ అనే పొడవాటి కర్రతో దూరం కొట్టాలని సరదా పడితే బంతి కొమ్మలకు తగిలి టక్ టక్‌మని శబ్దం చేసి మాయమవుతుంది. ప్రొవిజనల్ (బంతి పోయిందేమోనన్న అనుమానంతో కొట్టే రెండో షాట్) కొట్టడానికి ఇంకో బంతి జేబులో పెట్టుకునే నడవండి. చాలా హోల్స్‌లో హైబ్రిడ్ లాంటి పొట్టి కర్రతోనో 5 ఐరన్‌తోనో తిన్నగా కొట్టినవాడిదే పైచేయి. ఇంకో సరదా సంగతి, సరుకు విమానాల కంపెనీ కార్గోలక్స్ వాళ్లకు ఈ ఎయిర్‌పోర్టే సొంత ఇల్లు. మీరు పుట్ (బంతిని గుంటలోకి నెట్టే షాట్) కొట్టబోతుండగా చెట్ల వెనక నుంచి సరుకుల 747 ఒకటి గర్జిస్తూ లేస్తుంది. మొదట్లో అందరూ ఉలిక్కిపడతారు. అక్కడి మెంబర్లు మాత్రం తల కూడా ఎత్తరు.

రెండోది కానాఖ్ దగ్గర కికువోకా. పేరు చూసి తికమక పడకండి, జపాన్ వాళ్లు 1990ల మొదట్లో కట్టించిన కోర్సు. మొసెల్ నది వైపు గుట్టల మీద, కాస్త విశాలంగా, నీళ్లతో, బంకర్లతో (ఇసుక గుంటలతో) ఉంటుంది. అడవిలో ఒక రోజు బిక్కుబిక్కుమంటూ ఆడాక ఇక్కడ ఊపిరాడినట్టు ఉంటుంది. కానీ ఎత్తుపల్లాలు ఎక్కువ, పుష్ ట్రాలీతో చివరి హోల్స్‌కి కాళ్లు లాగుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బగ్గీ ముందే బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు అడిగితే దొరక్కపోవచ్చు. దీనికి బదులు జుంగ్లిన్‌స్టర్ దగ్గర బెలెన్‌హాఫ్ కోర్సైనా బాగుంటుంది. పొలాల మధ్య ఉంటుంది, గాలి వేస్తే ఆట మారిపోతుంది. ఉత్తరాన ఆర్డెన్స్ కొండల్లో క్లెర్వో కోర్సు చాలా అందమైనదే. కానీ నగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, మీ ప్లాన్‌లో ఇమడదు. ఈసారికి వదిలేయండి.

ఇప్పుడు అసలు టెన్షన్ హ్యాండిక్యాప్ గురించి. మన దగ్గర మెంబర్ వెంట గెస్ట్‌గా వెళ్తే పెద్దగా ఎవరూ అడగరు. ఇక్కడ రిసెప్షన్‌లో మొదటి ప్రశ్నే అది. కోర్సుకో హ్యాండిక్యాప్ పరిమితి ఉంటుంది, వీకెండ్‌లో అది ఇంకా బిగుస్తుంది. విశాఖ నంబర్ ఉన్న ఇద్దరూ అది ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోండి. 2020లో వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ వచ్చాక హ్యాండిక్యాప్ ఎక్కడిదైనా లెక్క ఒకటే, కాకపోతే క్లబ్ మెంబర్‌షిప్ నడుస్తుండాలి. క్లబ్ నుంచి ఒక ఉత్తరమో యాప్ ప్రింటో దగ్గరుంచుకోండి. ప్లాట్స్‌రైఫెతో 54 హ్యాండిక్యాప్ (కొత్తవాళ్లకిచ్చే అతిపెద్ద నంబర్) వచ్చిన ఇద్దరి సంగతే కాస్త చిక్కు. వాళ్ల కోసం క్లబ్‌కు ముందుగా మెయిల్ రాయండి. నలుగురి పేర్లు, హ్యాండిక్యాప్‌లు, ఏ రోజు, ఎన్నింటికి అన్నీ ఒకే మెయిల్‌లో పెడితే అవునో కాదో తేల్చి చెప్తారు. ఇంగ్లిష్‌లో రాస్తే చాలు. శనివారం కుదరదంటే బెల్జియం సరిహద్దులో గైషెల్ అని 9 హోల్స్ కోర్సు ఉంది, అక్కడ అడగండి. కొత్తవాళ్లకు 9 హోల్సే మేలని నా అభిప్రాయం. నలుగురూ కలిసే ఆడాలన్న పట్టుదలతో 54 వాళ్లను అడవి కోర్సుకు లాక్కెళ్తే వెనక గ్రూపు వాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తుంటారు, ఆ ఒత్తిడికి ఉన్న ఆట కూడా పోతుంది.

ఇంకోటి, క్యాడీలు ఉండరు. హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ క్యాడీ భయ్యా బ్యాగ్ మోసి, బంతి వెతికి, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎటు వాలుందో కూడా చెప్తాడు. ఇక్కడ బంకర్‌లో మన అడుగులు మనమే రేక్‌తో చదును చేయాలి, గ్రీన్ మీద బంతి చేసిన గుంట మనమే పూడ్చాలి. అది చేయకపోతే మర్యాదగానే చెప్తారు గానీ చెప్పడం మాత్రం ఖాయం. కాలర్ ఉన్న టీషర్ట్ వేసుకోండి, జీన్స్ వద్దు.

బస కిర్ష్‌బెర్గ్‌లో చూడండి. బ్యాంకులు, యూరోపియన్ కోర్టు ఉన్న ఏరియా. హోటళ్లు వారంలో ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లతో నిండి, శుక్రవారం సాయంత్రానికి ఖాళీ అవుతాయి, రేట్లూ దిగుతాయి. సెనింగర్‌బెర్గ్‌కు పది నిమిషాల దారి, కానాఖ్‌కు అరగంట కూడా పట్టదు. 2020 నుంచి దేశమంతా బస్సు, ట్రామ్, రైలు ఉచితం, రైల్లో ఫస్ట్ క్లాస్‌కు మాత్రమే టికెట్. కాబట్టి సాయంత్రం కారు హోటల్లోనే వదిలి ట్రామ్‌లో పాత నగరానికి వెళ్లండి. పార్కింగ్ గొడవ ఉండదు, ఒక గ్లాసు వైన్ తాగినా డ్రైవింగ్ భయం ఉండదు. గోల్ఫ్ బ్యాగులు వేసుకుని కోర్సుకు బస్సులో వెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

తిండికి నగరంలో ఇండియన్ హోటళ్లు ఉన్నాయి. గ్రోంపెరెకిషెల్షర్ అని తిరునాళ్లలో, క్రిస్మస్ మార్కెట్లలో అమ్మే బంగాళాదుంప అట్టు కనిపిస్తే వదలకండి. ఉల్లిపాయ వేసి, అంచులు కరకరలాడేలా నూనెలో వేయించి ఇస్తారు. గుడ్డు కలుపుతారు కాబట్టి ప్యూర్ వెజ్ వాళ్లు చూసుకోవాలి.

ఆడనివాళ్లను రెండు రోజులూ క్లబ్‌హౌస్‌లో కూర్చోబెట్టకండి, పాపం. శుక్రవారం వాళ్లకు పాత నగరం, అక్కడి బోక్ కోట సొరంగాలు సరిపోతాయి. పిల్లలుంటే సొరంగాల్లోంచి బయటికి రమ్మన్నా రారు. శనివారం మీరు కికువోకాలో ఉంటే వాళ్లు రెమిష్‌లో నది ఒడ్డున తిరిగి, పడవ ఎక్కి, అక్కణ్నుంచి షెంగెన్ వెళ్లొచ్చు. అవును, మన వీసా మీద ఉండే ఆ షెంగెనే. ద్రాక్షతోటల మధ్య చిన్న ఊరు. 1985 జూన్ 14న ఐదు దేశాలు ఆ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది అక్కడ, మొసెల్ మీద ఒక పడవలో. వీసా అపాయింట్‌మెంట్ కోసం రాత్రిళ్లు వెబ్‌సైట్ రీఫ్రెష్ చేసిన ప్రతివాళ్లూ అక్కడ ఒక ఫొటో తీసుకోవాల్సిందే.

ఆదివారం ఆట పెట్టుకోకండి. నిద్ర లేచి, ముల్లర్‌తాల్ రాళ్ల మధ్య అందరూ కలిసి కాసేపు నడిచి, మధ్యాహ్నం తర్వాత సరిహద్దు ఊరు వాసర్‌బిలిగ్ మీదుగా తిరుగు ప్రయాణం. అక్కడ పెట్రోల్ జర్మనీ కంటే చౌక, ఆ సంగతి తెలిసిన కార్లన్నీ అక్కడే బారులు తీరి ఉంటాయి. ట్యాంకు నింపుకుని సరిహద్దు దాటండి. 2024 సెప్టెంబర్‌లో జర్మనీ అన్ని సరిహద్దుల్లోనూ తనిఖీలు మొదలుపెట్టింది. లక్సెంబర్గ్ నుంచి వచ్చే కార్లను కూడా ఆపి చూడొచ్చు. పాస్‌పోర్టులు, రెసిడెన్స్ కార్డులు డిక్కీలో గోల్ఫ్ బ్యాగుల అడుగున కాకుండా ముందు సీటు దగ్గర పెట్టుకోండి.