పాత ప్లైవుడ్ గట్టిగా ఉండేది, ఇప్పటిది ఉబ్బుతోంది. తయారీలో ఏం మారింది?

సింకు కింద కొత్త ప్లైవుడ్ రెండేళ్లకే ఉబ్బింది, తాత చేయించిన అల్మారా మాత్రం అట్లనే ఉంది, మిషన్లొచ్చి సరుకు చెడిపోయిందా అని అడిగారు. మాది వడ్రంగం చేసిన ఇల్లు, ఇప్పుడు హన్మకొండలో ప్లైవుడ్ షాపు. మిషన్లను తిట్టి లాభం లేదు. ముందు కర్ర మారింది, దాని వెంట మిషన్లు మారాయి.

మా నాయిన పనిచేసే రోజుల్లో ప్లైవుడ్‌కు పెద్ద దిక్కు అస్సాం వైపు అడవులు. అక్కడ ఈ పరిశ్రమ పెరిగిందే టీ పెట్టెల కోసం. 1996 డిసెంబరులో అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఈశాన్య రాష్ట్రాల నుంచి కర్ర బయటికి పోకుండా ఆపింది. చాలా మిల్లులు మూతపడ్డాయి. పని హర్యానా యమునానగర్‌కు, కేరళ పెరుంబావూరుకు మళ్లింది. అక్కడ దొరికేది రైతులు పెంచిన పోప్లర్, నీలగిరి, రబ్బరు కర్ర. మన భద్రాచలం వైపు కాగితం మిల్లుకు వేసే జామాయిల్ చూశారు కదా, అంతే లావు.

దుంగ నుంచి పొరలు తీసే మిషన్ను లేత్ అంటారు. పాత లేత్ దుంగను రెండు చివర్లా పట్టుకుని తిప్పేది, బ్లేడు చాప విప్పినట్టు పొర తీసేది. నడుమ లావుపాటి మొద్దు మిగిలేది. సన్న దుంగను దానికి పెడితే సగం వృథా. అందుకే స్పిండిల్ లేని లేత్ వచ్చింది. చివర్లు పట్టుకోదు, రోలర్లే పక్కల నుంచి నొక్కి తిప్పుతాయి, ఆఖరికి సన్న కర్ర మిగులుతది. కానీ సన్న దుంగలతో పొరలు ముక్కలుగా వస్తాయి. వాటిని అంచుకు అంచు కలపకుండా తొందరలో పేర్చేస్తే లోపల సందులు పడతాయి. పైన ముఖం పొర పడ్డాక ఎవరికీ కనబడదు, స్క్రూ బిగించినప్పుడు తెలుస్తది.

మీ షీటు ఉబ్బడం మాత్రం చాలావరకు జిగురు సంగతి. ఎంఆర్ అంటే గాలిలో తేమకు మాత్రం ఆగే మామూలు రకం. అందులో వాడే యూరియా జిగురు చవక, నీళ్ల తడికి ఓర్వదు. ఫినాల్ జిగురు ఓరుస్తది. ఐఎస్ 710 అంటే నీళ్లకు ఓర్చే మెరైన్ ప్లైవుడ్‌కు పెట్టిన భారత ప్రమాణం, ఆ షీటు 72 గంటలు మరిగించినా విడిపోకూడదు. కొత్త సరుకు వస్తే మేం చిన్న ముక్క కోసి గిన్నెలో మరగబెడతాం. అన్ని గంటలు గ్యాసు ఎవరు కాలుస్తారు గానీ, మెరైన్ అని ఉత్త ముద్ర కొట్టిన సరుకు కాసేపటికే పొరలు విప్పుకుంటది.

పాతదంతా బంగారం కాదు. అప్పటి షీటు ఒక మూల లావు, ఒక మూల పలచన, మా నాయిన రంద పట్టి సరిచేసేవాడు. ఇప్పుడు క్యాలిబ్రేటెడ్ షీటుకు, అంటే మందం అంతటా ఒకేలా చేసిన దానికి, ఆ తిప్పలు లేవు.

సింకు కింద 710 వేయించండి, కోసిన అంచులో సందులు చూసుకోండి. పడకగది అల్మారాకు ఎంఆర్ చాలు, అక్కడా 710 కావాలనే షాపాయన మాట నమ్మకండి.